పాఠం 11: తొలి క్రైస్తవ సంఘం నేర్పే పాఠాలు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు
– తొలి క్రైస్తవ సంఘం గురించి తెలుసుకోవడానికి ఉన్న ఆధారాలను పేర్కొనగలుగుతారు.
– ఆ సంఘంలో వచ్చిన ముఖ్యమైన తగాదాలను, వాటిని పరిష్కరించిన తీరును వివరించగలుగుతారు.
– డబ్బు, బోధకులు, తప్పు చేసినవారు అనే మూడు విషయాల్లో ఆ సంఘం పాటించిన పద్ధతులను చెప్పగలుగుతారు.
– ఆ అనుభవాన్ని నేటి సంఘజీవితంతో, పరిచర్యతో పోల్చి చూడగలుగుతారు.

11.1 ఉపోద్ఘాతం

పదిమంది కలిసి ఒక సంఘం పెట్టుకోవడం కష్టం కాదు. దాన్ని పదేళ్లపాటు నిలబెట్టడం కష్టం. మీ ఊళ్లో పొదుపు సంఘమో, పాల సంఘమో ఉంటే ఈ సంగతి మీకు అనుభవంలోకి వచ్చే ఉంటుంది. డబ్బు ఎవరి దగ్గర ఉండాలి? ఎవరికి వాటా అందలేదు? ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి? తప్పు చేసినవారిని ఉంచాలా, పంపించాలా? ఏ సంఘానికైనా ఈ నాలుగు ప్రశ్నలూ తప్పవు.

సుమారు 2,000 ఏళ్ల కిందట యెరూషలేము నగరంలో మొదలైన క్రైస్తవ సంఘానికి కూడా ఇవే ప్రశ్నలు ఎదురయ్యాయి. ఆదిమ సంఘం అనగానే చాలామంది కలతలు లేని ఒక స్వర్ణయుగాన్ని ఊహించుకుంటారు. కాని ఆ కాలపు పుస్తకాలు చదివితే వేరే చిత్రం కనిపిస్తుంది. అక్కడ మాటపట్టింపులు ఉన్నాయి, డబ్బు దాచుకొన్నవారు ఉన్నారు, పెద్దలే పొరపాటు చేసిన సందర్భాలు ఉన్నాయి. విశేషం ఏమిటంటే, ఆ పుస్తకాలు వాటిని దాచిపెట్టలేదు. ఎలా సరిదిద్దుకొన్నారో కూడా రాసి ఉంచాయి. నేటివారికి ఉపయోగపడేది ఆ భాగమే.

మీరు క్రైస్తవ సంఘంలో బోధకులుగానో, పెద్దలుగానో, స్త్రీల సమాజంలోనో పనిచేస్తూ ఉంటే ఈ పాఠం మీకు నేరుగా ఉపయోగపడుతుంది. మీరు వేరే మతానికి చెందినవారైతే దీన్ని ఒక చిన్న సమాజపు చరిత్రగా చదవండి. రెండు విధాలా చదవడానికి వీలుగానే దీన్ని రాశాం.

11.2 మనకు ఉన్న ఆధారాలు

యేసును రోమన్ అధిపతి పొంతి పిలాతు కాలంలో, సుమారు క్రీ.శ. 30లో సిలువ వేశారు. ఆ తరవాత ఆయన శిష్యులు యెరూషలేములో ఒక సంఘంగా ఏర్పడ్డారు. వారందరూ యూదులే. అప్పటికి వారిది కొత్త మతం అన్న భావన లేదు.

ఈ సంఘం గురించి మనకు లభించే అతి పాత రాతలు పౌలు లేఖలు. వీటిలో ఎక్కువ భాగం క్రీ.శ. 50 నుంచి 60 వరకు ఉన్న కాలానికి చెందినవి. ఆ తరవాతది 'అపొస్తలుల కార్యములు' అనే గ్రంథం. ఇది క్రీ.శ. 80–90 ప్రాంతంలో రాసినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. దీనిని లూకా రాశాడని సంప్రదాయం చెబుతుంది.

బైబిలుకు వెలుపల కూడా ఆధారాలు ఉన్నాయి. మొదటి శతాబ్దం చివర లేదా రెండో శతాబ్దం మొదట్లో తయారైన 'డిడాఖే' అనే చిన్న నియమావళి వాటిలో ఒకటి. దీని ప్రతి 1873లో దొరికింది, 1883లో అచ్చయింది. రోమన్ అధికారి ప్లీనీ సుమారు క్రీ.శ. 112లో ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం మరొకటి. ప్లీనీ క్రైస్తవులను శిక్షించిన అధికారి. కాబట్టి అతడు వారిని పొగడడానికి రాసి ఉండడు. క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కలుసుకొని పాట పాడతారనీ, దొంగతనం, వ్యభిచారం చేయబోమనీ, అప్పగించిన సొమ్మును ఎగవేయబోమనీ ప్రమాణం చేస్తారనీ అతడు రాశాడు. నిజం రాబట్టడానికి ఇద్దరు దాసీలను హింసించి విచారించానని కూడా రాశాడు. ఆ ఇద్దరూ సంఘంలో పరిచారికలు. రోమన్ సమాజంలో ఏ హక్కూ లేని దాసీలు ఆ సంఘంలో బాధ్యత గల పదవిలో ఉన్నారన్న సంగతిని గమనించండి.

11.3 పంపకంలో వచ్చిన తగాదా

యెరూషలేము సంఘంలో ఆస్తి ఉన్నవారు కొందరు దాన్ని అమ్మి, ఆ సొమ్మును అందరికోసం ఇచ్చేవారు. పేదలకు, ముఖ్యంగా వితంతువులకు ప్రతిరోజూ ఆహారం పంచేవారు. ఆ రోజుల్లో భర్త చనిపోయిన స్త్రీకి కొడుకులో, బంధువులో లేకపోతే బతుకుతెరువు ఉండేది కాదు. అందుచేత ఈ పంపకం వారికి ప్రాణాధారం.

సంఘంలో రెండు రకాల యూదులు ఉండేవారు. మొదటివారు స్థానికులు, అరమేయిక భాష మాట్లాడేవారు. రెండోవారు బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడినవారు, గ్రీకు మాట్లాడేవారు. కొంతకాలానికి గ్రీకు మాట్లాడేవారు సణగడం మొదలుపెట్టారు. రోజువారీ పంపకంలో తమ వితంతువులను విడిచిపెడుతున్నారన్నది వారి ఫిర్యాదు.

ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు పెద్దలు సాధారణంగా ఏం చేస్తారు? 'దేవుని పనిలో సణుగుడు తగదు' అని నోరు మూయించవచ్చు. లేదా 'చూద్దాంలే' అని వాయిదా వేయవచ్చు. పన్నెండుమంది అపొస్తలులు ఈ రెండూ చేయలేదు. బోధన, పంపకం రెండూ తమ చేతిలోనే ఉంచుకోవడం కుదరడం లేదని ఒప్పుకొన్నారు. సంఘమంతటినీ పిలిచి, మంచిపేరు గల ఏడుగురిని మీరే ఎన్నుకోండని చెప్పారు.

ఆ ఏడుగురి పేర్లు గ్రంథంలో ఉన్నాయి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. నీకొలాసు అయితే పుట్టుకతో యూదుడు కూడా కాదు, అంతియొకయ నగరం నుంచి వచ్చి యూదమతంలో చేరినవాడు. గ్రీకు పేరు ఉన్నంత మాత్రాన ప్రతివారూ గ్రీకు వర్గంవారే అని చెప్పలేం. అయినా పేర్లన్నీ ఒకే తీరున ఉండడం వల్ల, ఎవరికి అన్యాయం జరిగిందో వారి వైపు వారికే పంపకాన్ని అప్పగించారని అర్థం చేసుకోవచ్చు. ఫిర్యాదు చేసినవారికి సంజాయిషీతో సరిపెట్టలేదు, గరిటె చేతికిచ్చారు.

ఇక్కడ ఒక మాటను గమనించాలి. అన్నం వడ్డించే పనికీ, వాక్యం బోధించే పనికీ ఈ గ్రంథం గ్రీకులో ఒకే పదం వాడింది. ఆ పదం 'దియాకొనియా'. తెలుగులో దానికి 'పరిచర్య' అంటున్నాం. అంటే బోధన మాత్రమే పరిచర్య కాదు, వంటపాత్ర దగ్గర నిలబడడం కూడా పరిచర్యే. పైగా పంపకానికి నియమించిన స్తెఫను ఆ తరవాత గొప్పగా బోధించి ప్రాణాలు కోల్పోయాడు. ఫిలిప్పు సమరయలో బోధకుడయ్యాడు. వడ్డించే పని తక్కువవారి పనిగా మిగిలిపోలేదు.

11.4 సహపంక్తి భోజనం

తరవాతి ప్రశ్న మరింత కష్టమైనది. సంఘం యెరూషలేము దాటి సిరియా దేశంలోని అంతియొకయకు చేరింది. ఈ నగరం నేడు తుర్కియే దేశంలో అంతాక్యా అనే పేరుతో ఉంది. 'క్రైస్తవులు' అనే పేరు మొదట అక్కడే వచ్చింది. అక్కడ యూదులు కానివారు కూడా సంఘంలో చేరారు. యూదుల ఆహార నియమాలు కఠినమైనవి. ఇతరులతో కలిసి భోజనం చేయడానికి చాలామంది ఇష్టపడేవారు కాదు.

పేతురు అంతియొకయకు వచ్చినప్పుడు మొదట అందరితో కలిసి తిన్నాడు. ఇంతలో యెరూషలేము నుంచి, యాకోబు దగ్గరనుంచి, కొందరు వచ్చారు. వారు ఏమనుకొంటారోనని పేతురు వెనక్కి తగ్గి వేరుగా కూర్చోసాగాడు. మిగిలిన యూదులు కూడా అతని దారే పట్టారు. చివరకు పౌలు సహచరుడు బర్నబా కూడా అటే వెళ్లాడు. అప్పుడు పౌలు అందరి ఎదుటా పేతురును నిలదీశాడు. ఈ సంగతిని పౌలే గలతీయులకు రాసిన లేఖలో చెప్పాడు.

పేతురు సిద్ధాంతం మార్చుకోలేదు, కొత్త బోధ ఏదీ చేయలేదు. కూర్చునే చోటు మాత్రమే మార్చాడు. అయినా పౌలు దాన్ని చిన్న విషయంగా తీసుకోలేదు. ఒకే నమ్మకం గలవారు ఒకే పంక్తిలో కూర్చోకపోతే ఆ నమ్మకానికి అర్థం లేదన్నది అతని వాదన.

యూదులు కానివారు సున్నతి చేయించుకోవాలా అన్న ప్రశ్నపై సుమారు క్రీ.శ. 48–49లో యెరూషలేములో ఒక సభ జరిగింది. పేతురు, బర్నబా, పౌలు మాట్లాడారు. చివరకు యాకోబు తీర్మానం చెప్పాడు. సున్నతి భారం వారిపై పెట్టనక్కర్లేదని నిర్ణయించారు. ఆహారం విషయంలోనూ నడవడిలోనూ కొన్ని నియమాలు మాత్రం పాటించమన్నారు. నోటిమాటతో సరిపెట్టకుండా ఉత్తరం రాసి, దాన్ని వివరించడానికి యూదా, సీల అనే ఇద్దరిని వెంట పంపారు.

జాతి భేదం తరవాత ధనిక, పేద భేదం కూడా భోజనం దగ్గరే బయటపడింది. గ్రీసు దేశంలోని కొరింథు సంఘం ఎవరో ఒక సంపన్నుని ఇంట్లో కూడేది. అప్పటికి చర్చి భవనాలు లేవు. ఆదివారం సెలవు కూడా లేదు. రోమన్ సామ్రాజ్యంలో ఆదివారాన్ని విశ్రాంతి దినంగా ప్రకటించింది క్రీ.శ. 321లో. కాబట్టి కూలివారు, దాసులు పని ముగించుకొని ఆలస్యంగా వచ్చి ఉంటారని పండితులు భావిస్తున్నారు. ఈలోగా ఉన్నవారు తమ భోజనం తాము తినేసేవారు. ఒకరు ఆకలితో ఉంటే మరొకరు తాగి మత్తులో ఉన్నారని పౌలు మందలించాడు. అలా తినేది ప్రభువు భోజనం కాదనీ, పేదలను సిగ్గుపరచడం దేవుని సంఘాన్ని తృణీకరించడమేననీ చెప్పాడు. ఒకరికోసం ఒకరు ఆగమన్నాడు. నేడు చర్చిల్లో ప్రభురాత్రి భోజన సమయంలో చదివే మాటలు పౌలు ఈ మందలింపు మధ్యలో రాసినవే. వాటిని చదివేటప్పుడు ఈ సందర్భాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. ఏడుగురిని ఎన్నుకోవడానికి కారణమైన ఫిర్యాదు ఏమిటి?
2. 'దియాకొనియా' అనే పదాన్ని ఏ రెండు పనులకు వాడారు?
3. అంతియొకయలో పౌలు పేతురును ఎందుకు నిలదీశాడు?

11.5 డబ్బు, లెక్క

యెరూషలేము సంఘంలోని పేదల కోసం పౌలు మాసిదోనియ, గ్రీసు ప్రాంతాల సంఘాల్లో చందా వసూలు చేశాడు. ఈ పనికి కొన్ని సంవత్సరాలు పట్టింది. అతడు పాటించిన పద్ధతిని కొరింథీయులకు రాసిన రెండు లేఖల నుంచి తెలుసుకోవచ్చు.

మొదటిది, ప్రతివారూ వారంలో మొదటి రోజున తమ రాబడిని బట్టి కొంత తీసి పక్కన పెట్టాలి. తాను వచ్చినప్పుడు హడావిడిగా వసూలు చేయడం అతనికి ఇష్టం లేదు. రెండోది, బలవంతం ఉండకూడదు. మూడోది, ఆ డబ్బును పౌలు ఒక్కడే మోసుకుపోకూడదు. సంఘాలు ఎన్నుకొన్న మనుషులు వెంట ఉండాలి. ఇంత పెద్ద మొత్తం విషయంలో తమపై నింద రాకూడదనీ, దేవుని దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సరిగా ఉండాలనీ అతడు కారణం చెప్పాడు. పౌలుతో ప్రయాణం చేసినవారి జాబితా అపొస్తలుల కార్యములలో ఉంది. బెరయ, థెస్సలొనీక, దెర్బే, ఆసియ ప్రాంతాలకు చెందిన ఏడుగురి పేర్లు అందులో కనిపిస్తాయి.

'నన్ను నమ్మరా?' అని పౌలు అడిగి ఉండవచ్చు. అడగలేదు. నమ్మకం ఉన్నచోట లెక్క అక్కర్లేదని మనలో చాలామంది అనుకొంటారు. పౌలు ఆలోచన ఇందుకు భిన్నమైనది. లెక్క ఉంటేనే నమ్మకం నిలుస్తుందని అతడు గ్రహించాడు.

పౌలు తన పొట్టపోసుకోవడానికి డేరాలు కుట్టే పని చేసేవాడు. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతుల ఇంట్లో ఉండి ఆ పని చేశాడు. వారిదీ అదే వృత్తి. అయితే బోధకునికి సంఘం జీతం ఇవ్వకూడదని అతడు చెప్పలేదు. ఫిలిప్పీ సంఘం పంపిన సహాయాన్ని స్వీకరించాడు కూడా. పేదలకు భారం కాకూడదన్నదే అతని జాగ్రత్త.

రెండో శతాబ్దంలో, సుమారు క్రీ.శ. 155లో, రోములో ఉన్న జస్టిన్ అనే రచయిత ఆదివారపు కూడిక ఎలా జరిగేదో వర్ణించాడు. శక్తి ఉన్నవారు తమకు తోచినంత ఇచ్చేవారు. ఆ మొత్తాన్ని సంఘపెద్ద దగ్గర ఉంచేవారు. దాంతో అనాథలను, వితంతువులను, రోగులను, ఖైదీలను, పరాయి ఊరినుంచి వచ్చినవారిని ఆదుకొనేవారు. క్రీ.శ. 251 నాటికి రోము సంఘం 1,500 మందికి పైగా వితంతువులను, దీనులను పోషిస్తూ ఉండేదని ఆనాటి బిషప్పు కొర్నేలియస్ ఒక ఉత్తరంలో రాశాడు. అదే ఉత్తరంలో 46 మంది పెద్దలు, ఏడుగురు పరిచారకులు ఉన్నారని ఉంది. యెరూషలేములో మొదలైన 'ఏడుగురు' అన్న సంఖ్యను రోము సంఘం 200 ఏళ్ల తరవాత కూడా నిలుపుకొంది.

11.6 బోధకుణ్ణి గుర్తించడం ఎలా?

ఆ రోజుల్లో ఊరూరా తిరిగే బోధకులు ఉండేవారు. వారిలో నిజమైనవారు ఎవరు, మోసగాళ్లు ఎవరు? దూరం ఊరినుంచి వచ్చినవారి గురించి విచారించడానికి వీలు తక్కువ. అందుకే 'డిడాఖే' కొన్ని సులువైన గుర్తులు చెప్పింది.

వచ్చిన బోధకుణ్ణి ఆదరించాలి. అతడు ఒక రోజు ఉండవచ్చు, అవసరమైతే రెండో రోజు కూడా ఉండవచ్చు. మూడో రోజు కూడా కదలకపోతే అతడు అబద్ధ ప్రవక్త. బయలుదేరేటప్పుడు మరుసటి మజిలీ దాకా సరిపడే రొట్టె తీసుకోవచ్చు. డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మావేశంలో ఉన్నట్టు మాట్లాడుతూ 'నాకు డబ్బు ఇవ్వండి' అంటే వినకూడదు. ఇతరుల కష్టం తీర్చడానికి అడిగితే మాత్రం తప్పుపట్టకూడదు. ఎంత బాగా బోధించినా, తాను బోధించినట్లు నడవనివాణ్ణి నమ్మకూడదు.

మామూలు ప్రయాణికుడికి కూడా ఒక నియమం ఉంది. అతడు ఆ ఊళ్లో స్థిరపడాలనుకుంటే, చేతిపని ఉంటే పని చేసుకొని తినాలి. పని రాకపోతే సంఘం అతనికి ఏదో ఒక దారి చూపాలి. అందుకు ఒప్పుకోకపోతే అతడు క్రీస్తు పేరుతో వ్యాపారం చేసేవాడని అర్థం.

ఈ గుర్తుల్లో ఒక విశేషం ఉంది. వాటిని పరీక్షించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఎన్ని రోజులున్నాడు, ఏం అడిగాడు, చెప్పినట్లు నడిచాడా అన్న మూడు ప్రశ్నలకు అన్నం పెట్టిన ఇల్లాలు జవాబు చెప్పగలదు. స్వస్థత సభల పేరుతో, ప్రార్థన నూనె పేరుతో డబ్బు గుంజేవారు నేడు కూడా ఉన్నారు. వారిని గుర్తించడానికి ఈ పాత గుర్తులు ఇప్పటికీ పనికివస్తాయి.

11.7 పడిపోయినవారు, రోగులు

క్రీ.శ. 64లో రోము నగరం తగలబడినప్పుడు నీరో చక్రవర్తి ఆ నేరాన్ని క్రైస్తవులపై మోపి చంపించాడు. ఆ తరవాత కూడా అక్కడక్కడా హింస జరిగింది. కాని సామ్రాజ్యమంతటా ఒకేసారి వర్తించిన ఆజ్ఞ డెషియస్ చక్రవర్తి కాలంలో వచ్చింది. క్రీ.శ. 250లో, ప్రజలందరూ రోమన్ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞ అమలు చేశారు. అలాంటి పత్రాలు కొన్ని ఈజిప్టులో దొరికాయి.

కొందరు క్రైస్తవులు ఒప్పుకోక చనిపోయారు లేదా చెరసాల పాలయ్యారు. చాలామంది భయపడి బలి అర్పించారు. మరికొందరు బలి అర్పించకుండానే లంచం ఇచ్చి పత్రం సంపాదించారు. ఆజ్ఞ సడలిన తరవాత వీరు తిరిగి సంఘంలోకి వస్తామన్నారు. అప్పుడు సంఘం రెండుగా చీలింది. రోములో నొవేషియన్ అనే పెద్ద 'వారిని ఎన్నటికీ చేర్చుకోకూడదు' అన్నాడు. మరో వైపు కొందరు 'ఏ విచారణా లేకుండా చేర్చుకోండి' అన్నారు.

ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరంలో బిషప్పు సిప్రియన్ అధ్యక్షతన క్రీ.శ. 251లో సభ జరిగింది. ఆ సభ మధ్యేమార్గం ఎంచుకొంది. అందరినీ ఒకే గాటన కట్టకుండా, ఎవరు ఏ పరిస్థితిలో ఏం చేశారో విడివిడిగా విచారించాలన్నారు. పత్రం మాత్రమే తీసుకొన్నవారిని విచారించి చేర్చుకోవాలి. బలి అర్పించినవారు దీర్ఘకాలం పశ్చాత్తాపం చూపాలి, ప్రాణాపాయ స్థితి వస్తే క్షమించాలి. తలుపు పూర్తిగా మూయలేదు, బార్లా తెరవలేదు. సిప్రియన్ కూడా హింస సమయంలో ఊరు విడిచి దాక్కొన్నవాడే. అందుకు అతడు విమర్శ ఎదుర్కొన్నాడు. చివరకు క్రీ.శ. 258లో అతనికి మరణశిక్ష పడింది. అప్పుడు పారిపోలేదు.

ఈ కాలంలోనే ఒక మహమ్మారి సామ్రాజ్యమంతటా వ్యాపించింది. జనం రోగులను వదిలి పారిపోయారు. కార్తేజ్‌లో తమవారికే కాక ఇతరులకు కూడా సేవ చేయాలని సిప్రియన్ బోధించాడని అతని జీవితచరిత్ర చెబుతుంది. అలెగ్జాండ్రియాలో రోగులకు సేవ చేసి అనేకులు తామే చనిపోయారని అక్కడి బిషప్పు డయొనీసియస్ రాశాడు. ఇవి క్రైస్తవులు రాసుకొన్న మాటలని మనం గుర్తుంచుకోవాలి. అయినా, నిన్నటిదాకా తమను హింసించిన పొరుగువారికి నీళ్లు అందించమని చెప్పడం సామాన్య విషయం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

4. చందా సొమ్ముతో సంఘాల ప్రతినిధులు కూడా ఉండాలని పౌలు ఎందుకు కోరాడు?
5. 'డిడాఖే' ప్రకారం అబద్ధ ప్రవక్తకు రెండు గుర్తులు రాయండి.
6. క్రీ.శ. 251 నాటి కార్తేజ్ సభ ఎంచుకొన్న మధ్యేమార్గం ఏది?

11.8 లోపాలు, మార్పులు

తొలి సంఘాన్ని నిర్దోషిగా చూపడం చరిత్ర కాదు. అననీయ, సప్పీరా అనే దంపతులు పొలం అమ్మిన డబ్బులో కొంత దాచి, అంతా ఇచ్చామని అబద్ధమాడారు. కొరింథులో సోదరులు ఒకరిపై ఒకరు కోర్టుకెక్కారు. బానిసత్వాన్ని సంఘం రద్దు చేయమనలేదు. ఒనేసిము అనే దాసుణ్ణి సోదరుడిగా చేర్చుకోమని పౌలు అతని యజమాని ఫిలేమోనుకు ఉత్తరం రాశాడు. అది గొప్ప మాటే. కాని బానిసత్వం అనే వ్యవస్థ వందల ఏళ్లు అలాగే కొనసాగింది.

క్రీ.శ. 313లో క్రైస్తవులకు స్వేచ్ఛ లభించింది. క్రీ.శ. 380లో థియొడోసియస్ చక్రవర్తి క్రైస్తవాన్ని రాజ్యమతంగా ప్రకటించాడు. సంఘానికి భవనాలు, ఆస్తులు, పలుకుబడి వచ్చాయి. వాటితో పాటు ఇతరులను బలవంతపెట్టే అధికారం కూడా వచ్చింది. తప్పుడు బోధ చేశాడన్న తగాదాతో మొదలై, మంత్రవిద్య నేరం మోపి, ప్రిసిలియన్ అనే బిషప్పుకు క్రీ.శ. 385 ప్రాంతంలో ట్రియర్ నగరంలో మరణశిక్ష విధించారు. బిషప్పు మార్టిన్ వంటివారు దీన్ని వ్యతిరేకించారు. నూరేళ్ల కిందట హింస అనుభవించిన సంఘమే హింసకు తోడ్పడే స్థితికి వచ్చింది. ఇది కూడా తొలి సంఘ చరిత్ర నేర్పే పాఠమే.

11.9 మన దేశంలో

అపొస్తలుడు తోమా క్రీ.శ. 52లో కేరళ తీరానికి వచ్చాడని అక్కడి సిరియన్ క్రైస్తవుల సంప్రదాయం. ఆరో శతాబ్దంలో కోస్మస్ అనే యాత్రికుడు మలబారు తీరంలో క్రైస్తవులు ఉన్నారని రాశాడు. అంటే ఐరోపా నౌకలు రావడానికి చాలా ముందే మన దేశంలో క్రైస్తవ సంఘం ఉంది.

తెలుగు ప్రాంతంలో అంతియొకయ ప్రశ్న కులం రూపంలో ఎదురైంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ 1866లో ఒంగోలులో పని ప్రారంభించాడు. అగ్రవర్ణాలవారు కొందరు అతని బోధ వినేవారు, పిల్లలను బడికి పంపేవారు. యెర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగలు రావడం మొదలయ్యేసరికి, వారిని చేర్చుకుంటే మేం ఉండమని అగ్రవర్ణాలవారు చెప్పారు. పలుకుబడి ఉన్నవారా, మాదిగలా అన్న ప్రశ్నకు క్లఫ్ కొరింథు లేఖలో జవాబు వెతుక్కొన్నాడు, మాదిగలను చేర్చుకొన్నాడు. 1876–78 కరవులో అతడు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. కూలి కోసం మతం మారారన్న మాట రాకుండా, కరవు పనులు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తరవాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. విదేశీ డబ్బుపై ఆధారపడకుండా గ్రామసంఘాలు తమ కాళ్లపై తాము నిలబడాలని ఆయన ఆశయం. కానుకలు ఇవ్వడం గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. సంఘంలో కులభేదానికి చోటు లేదని గట్టిగా వాదించారు. వండే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే అలవాటు మన గ్రామసంఘాల్లో ఉంది. ఇదే పద్ధతి మిజోరంలో 1910 నుంచి కొనసాగుతోంది. ప్రతివారూ రాబడిని బట్టి కొంత పక్కన పెట్టాలన్న పౌలు మాటకు ఇది ఇంటింటి రూపం.

కెంక్రేయ సంఘంలో ఫీబే అనే స్త్రీ పరిచారకురాలిగా ఉండేదని పౌలు రాశాడు. ఆ తరవాత శతాబ్దాల పాటు స్త్రీలకు అలాంటి బాధ్యతలు తగ్గిపోయాయి. 2013లో ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్పుగా నంద్యాల అధ్యక్ష మండలంలో బాధ్యత స్వీకరించారు.

11.10 నేటి పరిచర్యకు

ఇంతవరకు చదివినదాన్ని మన చుట్టూ ఉన్న స్థితితో పోల్చి చూడండి. కొన్ని ఊళ్లలో నేటికీ మాలలకు ఒక గుడి, మాదిగలకు ఒక గుడి ఉన్నాయి. కొన్నిచోట్ల శ్మశానాలు కూడా వేరు. ప్రతి ఆదివారం ఒకే రొట్టె అని చెప్పుకొంటూ వేరు వేరు గుడుల్లో తినడం పేతురు అంతియొకయలో చేసిన పనికి భిన్నమైనది కాదు. పేతురును నిలదీయడానికి అక్కడ ఒక పౌలు ఉన్నాడు. మన ఊళ్లో ఆ మాట ఎవరు అంటారన్నదే ప్రశ్న.

పరిచర్యలో ఉన్నవారు ఈ నాలుగు విషయాలను తమకు తాము వేసుకొనే ప్రశ్నలుగా మార్చుకోవచ్చు. సంఘంలో ఎవరైనా సణుగుతూ ఉంటే, ఆ సణుగుడు వెనక ఆకలి ఏమైనా ఉందా? కానుకల డబ్బును లెక్కించేవారు ఒకరేనా, ఇద్దరు ముగ్గురు ఉన్నారా? ఆ లెక్కను ఏడాదికొకసారైనా అందరికీ చదివి వినిపిస్తున్నామా? తప్పు చేసి తిరిగి వచ్చినవారి మాట వినడానికి ఒక పద్ధతి ఉందా? మన సహాయం మన మతంవారికేనా, పొరుగువారికి కూడానా?

చేసి చూడండి

మీ ఊళ్లోని ఒక చర్చిని గాని, పొదుపు సంఘాన్ని గాని ఎంచుకోండి. డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, లెక్క ఎవరు రాస్తారు, ఎవరు సరిచూస్తారు అని అక్కడి పెద్దలను మర్యాదగా అడగండి. మూడు పనులూ ఒకరే చేస్తున్నారా, వేరువేరుగా చేస్తున్నారా? మీరు తెలుసుకొన్నది పది వాక్యాల్లో రాయండి.

సారాంశం

తొలి క్రైస్తవ సంఘం తగాదాలు లేని సంఘం కాదు. తగాదాలను బయటపెట్టి పరిష్కరించుకొన్న సంఘం. పంపకంలో అన్యాయం జరిగినప్పుడు నష్టపోయినవారి వైపు వారికే బాధ్యత అప్పగించింది. జాతి భేదాన్ని, ధనిక పేద భేదాన్ని భోజనం దగ్గరే ఎదుర్కొంది. డబ్బును ఒక్కరి చేతిలో పెట్టలేదు. బోధకుల నడవడిని సామాన్యులు పరీక్షించే వీలు కల్పించింది. పడిపోయినవారికి తిరిగి వచ్చే దారి ఉంచింది. అధికారం వచ్చిన తరవాత ఈ పాఠాల్లో కొన్నింటిని మరిచిపోయింది. మన ప్రాంతంలో ఇవే ప్రశ్నలు కులం, కరవు, స్వయంపోషణ రూపంలో ఎదురయ్యాయి. కొన్నింటికి జవాబు దొరికింది. కొన్నింటికి మనమే జవాబు చెప్పాలి.

పదాలు – అర్థాలు

పరిచర్య: సేవ, సంఘంలో అప్పగించిన పని
పరిచారకుడు, పరిచారకురాలు: సంఘసేవకు నియమించినవారు
సహపంక్తి: ఒకే వరసలో కూర్చొని చేసే భోజనం
సంజాయిషీ: కారణం చెప్పుకోవడం
మజిలీ: ప్రయాణంలో ఆగే చోటు
గుత్త: ఒక పనిని మొత్తంగా ఒప్పుకోవడం
మధ్యేమార్గం: రెండు అతివాదాల నడుమ దారి

ముగింపు ప్రశ్నలు

1. యెరూషలేము సంఘం పంపకం తగాదాను పరిష్కరించిన తీరును మీ మాటల్లో రాయండి.
2. అంతియొకయలో, కొరింథులో భోజనం దగ్గర వచ్చిన సమస్యల మధ్య పోలికలు, తేడాలు ఏమిటి?
3. 'లెక్క ఉంటేనే నమ్మకం నిలుస్తుంది.' ఈ అభిప్రాయాన్ని పౌలు చందా పద్ధతి ఆధారంగా చర్చించండి.
4. ఒంగోలులో క్లఫ్‌కు ఎదురైన ప్రశ్నను అంతియొకయ ప్రశ్నతో పోల్చండి.

'మీ ప్రగతిని పరీక్షించుకోండి' – జవాబులు

1. రోజువారీ పంపకంలో తమ వితంతువులను విడిచిపెడుతున్నారని గ్రీకు మాట్లాడేవారు ఫిర్యాదు చేశారు.
2. ఆహారం వడ్డించే పనికి, వాక్యం బోధించే పనికి.
3. యెరూషలేము నుంచి వచ్చినవారికి జంకి, యూదులు కానివారితో కలిసి భోజనం చేయడం మానుకొన్నందుకు.
4. పెద్ద మొత్తం విషయంలో తమపై నింద రాకూడదని.
5. మూడో రోజు కూడా కదలకుండా ఉండడం; డబ్బు అడగడం. (బోధించినట్లు నడవకపోవడం అని రాసినా సరైనదే.)
6. పడిపోయినవారిని పూర్తిగా వెలివేయకుండా, విచారణ లేకుండా చేర్చుకోకుండా, ఎవరి సంగతి వారిది విడిగా విచారించి, పశ్చాత్తాపాన్ని బట్టి చేర్చుకోవడం.